పిట్టల దీవులు

మలాజ్, రియాద్, 1991

సర్వజ్ఞులైన శ్రీవారికి,

యుద్ధం ముగిసినా మీరు ఉద్యోగం చేసే హఫర్ అల్ బాతిన్‌లో మీ కోపం మాత్రం ముగియలేదన్నమాట.

ఆవేళ శరత్ గారింట్లో భోజనాల దగ్గర, “ఆఫ్రికా పక్కన కెనరీ దీవులున్నాయే, కెనరీ పిట్టల వల్లే వాటికా పేరు” అని మీరు సెలవిచ్చారు. జాగ్రఫీలో ఎమ్మే వెలగబెట్టిన నేను ఊరుకోలేక, “కాదండీ, లాటిన్‌లో ‘కానిస్’ అంటే కుక్క. కుక్కల వల్ల దీవులకొచ్చింది, దీవుల వల్ల పిట్టలకొచ్చింది” అన్నాను. మీ స్నేహితులు పడీపడీ నవ్వారు. అంతే, నా టీచరుద్యోగానికి ఈ దేశంలో భర్తగా మీరివ్వాల్సిన అనుమతి పత్రానికి సంతకం కరువైంది. ఫోన్ చేస్తే “చూద్దాంలేవే” అంటున్నారు.

శనివారంలోగా అది అందకపోతే ఉద్యోగం ఇంకొకరికిస్తారట. సంతకం పెట్టి పంపండి. ఇకమీదట నలుగురిలో అవి పిట్టల దీవులే, మీరెలా చెబితే అలా కూస్తాయి.

నా క్లాసులో మాత్రం మొరుగుతాయి.

మీ నివాస పర్మిట్టు, ఆ ఇకామా పుస్తకంలో ఒక ఫొటోగా ఉంటున్న,
మీ భార్య