గొడుగు వాడి దగ్గరే ఉండిపోయింది

నీ కథ అచ్చయిందే తల్లీ. ఆశీర్వాదాలూ క్షేమసమాచారాలూ వెనక రాస్తాను, ముందు ఈ మాట నీ చెవిన పడాలి.

చిరంజీవి మా అమ్మాయికి నాన్న ఆశీస్సులు. ఇక్కడ మేమంతా బాగున్నాం. బాగుండటమేమిటి, నేల మీద కాలు ఆనడం లేదు నాకు. కథ తిరిగొస్తే మీ ఆయన ముందు చిన్నతనమని మా అడ్రసు ఇచ్చావట కదా, అందుకని పత్రిక మాకే వచ్చింది. మీ అమ్మ కళ్ళజోడు వెతుక్కునేలోపు దాన్ని చంకలో పెట్టుకుని బస్టాపుకి పరిగెత్తాను, మన పాత డ్రైవర్లకి చూపిద్దామని. అక్కడ నిలబడి మొదలుపెట్టానా, బస్సు వచ్చింది. డ్రైవరు హారను కొట్టి, "ఏం పెద్దాయనా, ఎక్కవా?" అన్నాడు. "ఉండవయ్యా, ఆవిడ ఇంకా తలుపు తట్టలేదు" అన్నాను. బతుకంతా బస్సులో తిరిగినవాణ్ణి, మొదటిసారి బస్సు పోగొట్టుకున్నాను. అదీ నా కూతురి వల్ల. ఎంత గొప్పగా ఉందో చెప్పలేను.

ఒక్కో ముక్క చదువుతుంటే ఒళ్ళు పులకరించింది. కథలో తలుపు వెనక మేకు ఉందే, అది మనింటి మేకు కదూ? నా టిక్కెట్ల సంచీ తగిలించిన మేకు. కొంచెం కుడివైపుకి వాలి ఉంటుందని రాశావు. లేచి వెళ్ళి చూశాను. నిజంగానే వాలి ఉంది. ఉద్యోగమంతా సంచీ తగిలించాను గాని ఒక్కనాడు దాని మొహం చూడలేదు. నువ్వు చిన్నపిల్లవి, నేల మీద కూర్చుని ఎప్పుడు చూశావో.

ఇక అసలు సంగతి. "గొడుగు వాడి దగ్గరే ఉండిపోయింది. అడగడానికి వెళ్తే మాట్లాడాల్సి వస్తుంది." అప్పట్లో నా బస్సులో ఒకావిడ పక్కావిడతో అంటుంటే నా చెవిన పడిన మాట. ఇంటికొచ్చి భోజనాల దగ్గర చెప్పాను, మీరంతా నవ్వారు. కండక్టరు బతుకే అంత తల్లీ. ఎవరి మాటల్లోనైనా నడిమి ముక్కే మనకి. మొదలు వెనక స్టాపులో అయిపోయి ఉంటుంది, చివర ముందు స్టాపులో దిగిపోతుంది. ఆవిడా అలాగే దిగిపోయింది. "తర్వాతేమైందమ్మా" అని అడగడానికి నాకేం అధికారం? విజిల్ ఊదాను.

ఇన్నాళ్ళకి నువ్వు కనుక్కున్నావు. వాడంటే ఆవిడ తమ్ముడని, ఆ నీలం గొడుగు ఊచలు విరిగితే బాగు చేయించి మేకుకి తగిలించి ఎదురుచూస్తున్నాడని, ఒక వానరోజు ఆవిడే వెళ్ళి "గొడుగు కోసం వచ్చాను" అందని, "బాగు చేయించాను" అని వాడు టీ పెట్టాడని. ఎవరు చెప్పారే నీకు? అంత దూరంలో ఆఫీసులో కూర్చుని ఇదంతా ఎలా రాబట్టావు? ఆవిణ్ణి ఎవరూ పోల్చకూడదని నర్సుగా మార్చావు చూడు, ఆ తెలివికి మాత్రం నా జోహారు.

ఉబ్బితబ్బిబ్బవుతున్న
మీ నాన్న

తా.క. ఆవిడెవరో కాదు, మన వీధి మలుపులో కుట్టుమిషను పెట్టుకున్న టైలరమ్మే. దారిలో కనిపిస్తే, "తమ్ముడితో మాటలు కలిశాయట కదమ్మా, సంతోషం" అన్నాను. చేతిలో కత్తెర జారి కాలి పక్కన పడింది. కాలికి ఏమీ కాలేదులే.

*

ప్రియమైన నాన్నకి,

నీ ఉత్తరం ఆఫీసులో విప్పాను, కథ పడిందన్న మాట చదివి లేచి నిలబడ్డాను. అందరూ చూస్తుంటే కిటికీ వేయడానికి లేచినట్టు నటించాను. అది మూసే ఉంది.

తా.క. దాకా వచ్చేసరికి మళ్ళీ కూలబడ్డాను. నాన్నా, నేను ఎవర్నీ అడగలేదు. ఏదీ కనుక్కోలేదు. అంతా నేను కల్పించుకున్నదే. ఆ ఒక్క మాట నువ్వు తెచ్చి ఇచ్చింది. మేకు మనింటిది. టీ గ్లాసు మీద వేలితో టక్కుటక్కున కొట్టే అలవాటు మా ఆఫీసు వాచ్‌మన్‌ది. మెట్ల మీద చెప్పులు విప్పాలా వద్దా అని తటపటాయించేది నేను, కొత్తగా అత్తగారింటికి వచ్చినప్పుడు. ఎక్కడెక్కడివో ముక్కలు ఒకచోట పెట్టుకుని కూర్చుంటే అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం మొదలుపెడతాయి. నేను రాసుకున్నాను, అంతే. "వాడు" అంటే మొగుణ్ణి చేద్దామనుకున్నాను మొదట. మొగుడూ పెళ్ళాల పోట్లాటలు అందరూ రాస్తున్నారని తమ్ముణ్ణి చేశాను. గొడుగు నీలం ఎందుకయిందో నాకే తెలియదు.

టైలరమ్మకి నిజంగా తమ్ముడున్నాడా? నాకు భయంగా ఉంది. దయచేసి వెళ్ళి చెప్పు, అంతా మా అమ్మాయి ఊహ అని.

నీ
అమ్మాయి

తా.క. కథలో గిన్నెలతో మాట్లాడే ఆవిడ అమ్మ కాదని అమ్మకి చెప్పు. అమ్మే, కాని చెప్పు.

*

చిరంజీవి తెలివైన నా తల్లికి నాన్న దీవించి రాసేది,

నువ్వు రాసిన దాని వెనక ఉన్నది నాకు అర్థమైంది. చెప్పిన మనిషి పేరు బయటపెట్టనని మాట ఇచ్చి ఉంటావు. ఇక నేను అడగను. బస్సులో ఎంతమంది గుట్టు నా చెవిన పడలేదు, ఒక్కటన్నా దాటించానా? భోజనాల దగ్గర మీకు చెప్పడం వేరు.

అయినా నువ్వు చెప్పమన్నావని వెళ్ళి, "అమ్మా, మా అమ్మాయి అంతా ఊహించి రాసిందట" అన్నాను. టైలరమ్మ మిషను ఆపి నవ్వింది. "అన్నయ్యగారూ, ఊహలో మేకులుంటాయా? మా తమ్ముడు పుట్టిన దగ్గర్నుంచీ ఏదైనా తలుపు వెనక మేకుకే తగిలిస్తాడు. వాడే మీ అమ్మాయికి చెప్పి రాయించాడు. నోరు తెరిచి అడిగే రకం కాదు వాడు" అంది. అప్పటికే పత్రిక కొని చదివి మిషను డ్రాయరులో పెట్టుకుంది. బాబిన్ల నూనె అంటి పేజీ మెరుస్తోంది.

తమ్ముడు పై వీధిలో వాచీలు బాగుచేసే అతనే తల్లీ, కంటికి అద్దం తగిలించుకుని కూర్చుంటాడే, అతను. వాళ్ళమ్మ చివరి ఘడియల్లో ఎవరిదో గోడగడియారం విప్పుకుని కూర్చుని ఆలస్యంగా వచ్చాడట. ఈవిడ దుఃఖంలో, నలుగురి ముందూ, "ఊరందరి వాచీలూ సరిచేస్తావు, నీకు మాత్రం టైము తెలీదు" అనేసింది. బయట వాన. గుమ్మంలో ఉన్న ఈవిడ గొడుగు వేసుకుని వెళ్ళిపోయాడు. అంతే, మళ్ళీ గడప తొక్కలేదు. "అన్న మాట వెనక్కి తీసుకోవడం నాకు రాదన్నయ్యగారూ. గొడుగైతే వెనక్కి తీసుకోగలను" అంది.

ఇప్పుడు వెళ్తానంటోంది. నువ్వు రాసినట్టే వాన పడిన రోజున. "ఎండలో వెళ్ళి గొడుగు అడిగితే ఏం బాగుంటుంది" అంది. ఒక్క కథతో ఇంత పని చేశావు. నేను ఊదిన విజిళ్ళన్నీ కలిపినా ఇంత దూరం వినపడలేదు.

గర్వంతో చొక్కా బిగుతైన
మీ నాన్న

తా.క. గిన్నెలావిడ నువ్వు కాదట అని మీ అమ్మకి చెప్పాను. "నేను కాకపోతే ఇంకెవరు? అయినా నాకు నాలుగు లైన్లేనా, గొడుగుకి రెండు పేజీలు ఇచ్చి" అని అలిగింది. ఈ మాట నాతో అనలేదు, మూకుడుతో అంది.

*

నాన్నా,

దణ్ణం పెడతాను, ఆవిణ్ణి ఆపు. ఆ ఇంట్లో గొడుగు లేకపోతే? అతను బాగు చేయించకపోతే, అసలు తలుపే తీయకపోతే? కథలో తలుపు తీయించడం నాకు ఎంతసేపు, ఒక వాక్యం. అక్కడ ఆవిడ నిజంగా తడుస్తూ గుమ్మంలో నిలబడుతుంది. ఆవిడ మనసు ఇంకోసారి విరిగితే అది నా వల్లే. ఎవరి నోటి మాటో తీసుకుని నా ఇష్టం వచ్చినట్టు ముగించాను. ముగించేటప్పుడు ఎంత బాగుందనుకున్నానో, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది.

ఇక రాయను నాన్నా. ఇంకో కథ అడుగుతూ పత్రికవాళ్ళు ఉత్తరం రాశారు, రాయలేనని చెప్పేస్తాను.

నీ
అమ్మాయి

తా.క. అక్కడ వాన పడుతోందా? ఇక్కడ మబ్బు పట్టింది.

*

మాట్లాడుకున్నారే తల్లీ, అక్కా తమ్ముడూ మాట్లాడుకున్నారు.

చిరంజీవికి ఆశీస్సులు, నీ ఉత్తరం వాన వెలిశాక అందింది. కాబట్టి ఆపే అవకాశం నాకు లేదు. ఉన్నా ఆపేవాణ్ణి కాదు.

నువ్వు నమ్మవు, వానకి ముందే వాచీలతను మనింటికొచ్చాడు. బల్ల మీద పత్రిక పెట్టి, "కథలో ఉన్నది నేనేనా? మా అక్క రాయించిందా?" అన్నాడు. ఎవరో వాచీ బాగుకిస్తూ పత్రిక మర్చిపోయారట, చదువుకున్నాడు. ఎవరి గుట్టూ దాటించనని నీకు రాశాను కదా, నోరు మెదపలేదు. మెదపకపోతే అవునని అర్థమని అతను అనుకున్నాడు. టీ గ్లాసు తిప్పుతూ నెమ్మదిగా, "పెద్దాయనా, గొడుగు రంగు నీలమేనా? అచ్చుతప్పేమీ కాదు కదా" అన్నాడు. "ఏం, నీ దగ్గర ఉన్నదేగా?" అన్నాను. తల వంచుకున్నాడు. వాళ్ళమ్మ పోయిన రోజే బస్సులో మర్చిపోయాడట, ఏడుస్తూ దిగిపోయి. ఏ రంగో కూడా చూడలేదట. మన బస్సు కాదులే, నేనైతే కేకేసి ఇచ్చేవాణ్ణి. "అక్క వస్తే ఏం చూపించను?" అన్నాడు. ముసలివాడు కాబోతున్నాడు, చిన్నపిల్లాడిలా అడిగాడు.

మర్నాడు కొత్త గొడుగు కొన్నాడు. నీలం, చెక్క పిడి, నువ్వు రాసినట్టే. గొడుగులు బాగుచేసే అతని దగ్గరికి తీసుకెళ్ళి, ఊచ విరిచి మళ్ళీ బాగుచెయ్యమన్నాడు. "అన్నా, ఇది బాగానే ఉంది" అన్నాడతను. "అందుకే విరవమంటున్నాను" అన్నాడు ఇతను. గుడ్డ వెలిసినట్టుండాలని ఎండలో ఆరేశాడు. తలుపు వెనక మేకుకి ఉన్న చొక్కా తీసి గొడుగు తగిలించాడు.

వాన పడింది. టైలరమ్మ మిషను మీద గుడ్డ కప్పి, తల మీద ఇంకో గుడ్డ వేసుకుని బయల్దేరింది. నేను ఊరుకోగలనా, వెనకే వెళ్ళి ఎదురుకొట్టు చూరు కింద నిలబడ్డాను. తలుపు తట్టింది. తీశాడు. "గొడుగు కోసం వచ్చాను" అంది. "బాగు చేయించాను" అన్నాడు. నీ మాటలే తల్లీ, ఒక్క అక్షరం పొల్లుపోలేదు. తర్వాత నీ కథలో లేనిది, ఆవిడ ఏదో అనబోయింది, సరిగ్గా అప్పుడే బస్సొచ్చి మా మధ్య ఆగింది. డ్రైవరు, "పెద్దాయనా, ఈసారన్నా ఎక్కుతావా?" అన్నాడు. బస్సు కదిలేసరికి తలుపు మూసి ఉంది, లోపల దీపం వెలిగింది. మళ్ళీ నడిమి ముక్కే నాకు.

ఉండబట్టలేక మర్నాడు ఆవిడ దగ్గరికి వెళ్ళాను. ముక్కు కారుతోంది, తుమ్ముతోంది. "గొడుగు తెచ్చుకుని తడవడమేమిటమ్మా?" అన్నాను. "తేలేదు. అక్కడే వదిలేసి వచ్చాను" అంది. తుమ్మి, కళ్ళు తుడుచుకుని, మెల్లిగా అంది: "నాది నల్ల గొడుగు అన్నయ్యగారూ. నీలం నాకు చిన్నప్పట్నుంచీ గిట్టదు. మేకుకి దాన్ని చూశాను. వాడి మొహం చూశాను. ఇదే నా గొడుగు అన్నాను."

"మరి తెచ్చుకోకపోయావా?"

"తెచ్చుకుంటే మళ్ళీ వెళ్ళడానికి ఏముంటుంది?" అంది.

అప్పుడు నమ్మానే తల్లీ, నువ్వు ఎవర్నీ అడగలేదని. అడిగి రాసి ఉంటే నల్లదని రాసేదానివి. నీకు ఎవరూ చెప్పలేదు, మేకూ టీ గ్లాసూ పక్కన పెట్టుకుని నువ్వే కల్పించావు. ఇన్నాళ్ళూ నా కూతురు కనుక్కుంది కనుక్కుంది అని మురిసిపోయాను. కనుక్కోవడం ఏముంది, ఎవరైనా కనుక్కుంటారు. నేను ఏడో తరగతివాణ్ణి, ఇంతకంటే చెప్పడం రాదు.

రాయనన్నావు. మీ అమ్మ ఒప్పుకోదు, నాలుగు లైన్ల బాకీ ఉంది నీకు. రాయలేనని పత్రికవాళ్ళకి ఉత్తరం పోస్టు చేసి ఉంటే, వెళ్ళి పోస్టుమాస్టరుని బతిమాలుకో. నా దగ్గర ఇంకా చాలా ముక్కలున్నాయి. "ఫోటోలో అందరూ ఉన్నారు, ఒక్క ఆయన చెయ్యి తప్ప" అని ఒకాయన అని దిగిపోయాడు. ఏం చేస్తావో చెయ్యి.

ఆనందం పట్టలేని
మీ నాన్న

తా.క. ఇద్దరూ నీకు కృతజ్ఞతలు చెప్పమన్నారు, ఒకరికి తెలియకుండా ఒకరు. ఇక ఈ సంగతి అందాల్సినవాళ్ళు వీళ్ళు, ఎవర్నీ మర్చిపోకు. మీ అత్తగారికి, మెట్ల మీద చెప్పుల ముక్క దాటేసి చదివి వినిపించు. మీ పెద్దమ్మకి, కథలో తను ఉందా అని అడుగుతుంది, ఉందనే చెప్పు. మీ బాబాయికి, చెవుడు కాబట్టి కాస్త గట్టిగా, కాని పక్కింటివాళ్ళు ఇంట్లో ఉన్న వేళ చూసి. మీ మేనమామకి, నా మీద అలిగి ఉన్నాడు, ఈ వంకతో నువ్వే రాయి, నేను రాస్తే మాట్లాడాల్సి వస్తుంది. మీ మేనత్తకి నేనే బస్సులో వెళ్ళి చెబుతాను. ఇక వాచీలతను కూడా మనకి చుట్టమైనట్టే. అతనికి మాత్రం అన్నీ చెప్పు, గొడుగు నల్లదన్న ముక్క తప్ప.