కారవాన్ కప్పు మీద రెండో ఏసీ

మెదక్, మంగళవారం

పెళ్లికూతుళ్లకు మేకప్ వేసే మా కారవాన్‌కు ఈ రోజు రెండో ఏసీ పెట్టించాం. మొన్న తూప్రాన్ పెళ్లిలో, బండిలో ఉన్న ఒక్క ఏసీ చాలక, పిల్ల ముఖం మీది మేకప్ అంతా చెమటకు కారిపోయింది. వాళ్లమ్మ అందరి ముందూ నన్ను తిట్టింది.

పొద్దున మెకానిక్ యాదగిరి కప్పెక్కగానే మా ఆయన కింద నుంచి, "ఎనక దిక్కు కొయ్యి, గాడ రేకు మెత్తగుంటది" అన్నాడు. ఈ పాత బండి కొని రెండు నెలలే. ఈయన కప్పెప్పుడు ఎక్కాడు?

యాదగిరి రేకు విప్పి నన్ను పిలిచాడు. నిచ్చెనెక్కి చూశాను.

"అక్కా, గిది ఇంతకుముందే కోసి అతుకేసిండ్రు. లోపల చెక్కంతా నానిపోయింది."

కప్పు కొత్తదని అమ్మినవాళ్లు చెప్పారని నాతో అన్నది మా ఆయనే కదా!

సాయంత్రానికి యాదగిరి కొత్త చెక్క వేసి, ఏసీ బిగించి దిగాడు. లోపల హాయిగా చల్లబడింది. ఇద్దరమే ఉన్నప్పుడు అడిగాను.

"మీకు ముందే ఎర్కనా?"

ఆయన రిమోట్ నొక్కి ఏసీ కొంచెం తగ్గించాడు. "ఎర్కే. చెప్తే నువ్వు పార్లర్ల నౌకరి ఇడిసిపెడ్దువా?"

విడిచిపెట్టేదాన్ని కాదు. పదకొండేళ్లు చేసిన పని అది, ఈ బండి కోసమే మానేశాను.

"ఇంకేమన్న దాచిండ్రా?"

"ఏం లేదు" అన్నాడు వెంటనే. మరీ వెంటనే.

శుక్రవారం శివ్వంపేటలో పెళ్లి ఉంది. ఈలోపు బండి కింది భాగమంతా చూడాలని యాదగిరిని రేపు మళ్లీ రమ్మన్నాను. ఆ సంగతి మా ఆయనకు చెప్పలేదు.