ముందు వెనక్కి తిప్పండి

జనవరి 21
టీవీవాళ్లు వచ్చారు. పాత సామాన్ల షాపుల మీద రెండు నిమిషాల ముక్క కావాలట. నేను ఎడమచేత్తో బీరువా తలుపుకి పాలిష్ పెడుతున్నాను. జుట్టు నిండా చెక్కపొడి. ఎవరు మాట్లాడతారని డైరెక్టర్ అడిగితే, నువ్వు మాట్లాడవే, నాకు పనుంది అని చెల్లిని ముందుకు తోశాను.
ఇది రాసిపెట్టుకోవాలి. తోసింది నేనే.

ఫిబ్రవరి 19
ఆ రెండు నిమిషాలు ఇప్పుడు ప్రతి ఆదివారం అరగంట. లైవ్. జనం ఇళ్లలోని పాత వస్తువులు పట్టుకొస్తారు. చెల్లి వాటి వయసు చెబుతుంది. తెర మీద దాని పేరు కింద 'పురాతన వస్తువుల నిపుణురాలు' అని వేశారు. నాన్న పోయాక ఇరవై రెండేళ్లుగా ఈ షాపులో రిపేర్లు చేస్తున్నది నేను. అది కౌంటర్లో కూర్చుని కస్టమర్లతో కబుర్లు చెప్పేది. టేకుకీ రోజ్‌వుడ్‌కీ తేడా ముక్కలు చేతిలో పెట్టి మరీ నేర్పింది నేను.
చెవులకి పెట్టుకున్న పోగులు బాగున్నాయి. నావే.

మార్చి 12
ఎవరు ఏం తెచ్చినా కెమెరాలోకి చూసి నవ్వి, ముందు వెనక్కి తిప్పండి అంటుంది. వెనకవైపు ఎవరూ నునుపు చెయ్యరు కాబట్టి నిజం అక్కడే దొరుకుతుందట. అక్షరం పొల్లుపోకుండా నా మాట. ఇవాళ కూరగాయలాయన వంకాయ చేతిలోకి తీసుకుని, వెనక్కి తిప్పమంటారా అమ్మా అన్నాడు. మీ చెల్లెలు భలే మాట్లాడుతుంది, ఇవన్నీ మీక్కూడా నేర్పుతుందా అని అడిగాడు.
సంచి అక్కడే వదిలేసి వచ్చేశాను.

మార్చి 13
కుళ్లు. వేరే మాట వెతకడం దండగ.

మార్చి 27
చెల్లి ఫోన్ చేసింది. వచ్చే ఆదివారం నువ్వూ రా అక్కా, నా పక్కన కూర్చో, నీ గురించి అందరికీ చెబుతాను అంది. మేకప్ వేసుకుని నీ పక్కన బొమ్మలా కూర్చునేంత తీరిక నాకు లేదన్నాను. సరేలే అక్కా అని పెట్టేసింది.
ఆ పూట నాకు అన్నం బాగా సహించింది.

ఏప్రిల్ 5, ఉదయం 11
ఒక పెట్టె చేస్తున్నాను. నగలు దాచుకునేంత చిన్నది. పాత మంచం కోళ్ల చెక్క, విరిగిన అల్మరా నుంచి ఊడదీసిన మేకులు, ఎప్పటిదో తుప్పు పట్టిన తాళం. మూలల్లో మసీ తేనెమైనం కలిపి రుద్దాను. నూట యాభై ఏళ్లన్నా నమ్ముతారు. చెల్లి షాపు వైపు రావడం మానేసి నెల దాటింది. చూస్తుందన్న భయం లేదు.

సాయంత్రం 4
పక్కింటి టైలరమ్మ పెట్టెని ప్రోగ్రాంకి తీసుకెళ్తానంది. సరదాకేలే అన్నాను. మా నాయనమ్మదని చెప్పాలి, అంతేగా అని నవ్వింది. చెల్లి ఆహా ఓహో అంటుంది. మర్నాడు నేను చేస్తుండగా తీసుకున్న ఫోటోలు ఛానల్‌కి పంపుతాను. అప్పుడు చూద్దాం నిపుణురాలి సంగతి.

ఏప్రిల్ 16
ప్రోగ్రాం నిలబడే చూశాను.
టైలరమ్మ పెట్టె బల్ల మీద పెట్టింది. చెల్లి వెనక్కి తిప్పింది. అడుగుభాగం వేలితో తడిమింది. మూత తెరిచి వాసన చూసింది. ఆగిపోయింది. టీవీలో అది నోరు మూసుకోవడం ఇదే మొదటిసారి.
ఇది పాతది కాదు పెద్దమ్మా అంది మెల్లిగా. పోయిన నెల చేసిందే కావచ్చట. టైలరమ్మ ముఖం పాలిపోయింది. చెల్లి చప్పున ఆమె చెయ్యి పట్టుకుని, మీ తప్పేం లేదు, చెక్క పాతదే, ఎవరైనా మోసపోతారు అంది. తర్వాత కెమెరా వైపు చూడనేలేదు. ఉలి గీతలు ఎదురు వైపుకి వాలాయి, చేసినావిడది ఎడమచేతి వాటం అంది. ఇంత పనితనం నేను ఒక్కచోటే చూశాను, నాకొచ్చిందంతా ఆ చేతుల దగ్గర నేర్చుకున్నదే అంది. నకిలీ అనకండి, కొత్తది అనండి అంది.
చేసినావిడ. యాంకర్ పట్టించుకోలేదు. నేను పట్టుకున్నాను.
స్టూడియో అంతా చప్పట్లు. నన్ను పొగిడి కూడా చప్పట్లు అదే కొట్టించుకుంది. అందుకూ కుళ్లుకున్నాను. ఆ తర్వాతే ఏడుపొచ్చింది. ఫోటోలన్నీ తీసేశాను.

ఏప్రిల్ 17
టైలరమ్మ తలుపు తియ్యలేదు. నలుగురిలో నన్ను అబద్ధాలకోరుని చేశావు కదమ్మా అని కిటికీలోంచే అంది. క్షమించమన్నాను. కిటికీ కూడా వేసేసింది.

ఏప్రిల్ 19
చెల్లి ఫోన్ చెయ్యలేదు. తిడితే బాగుండు.

ఏప్రిల్ 24
మధ్యాహ్నం భోజనం వేళకి చెల్లి వచ్చింది. పెట్టె మాట అది ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. రెండు ముద్దలు తిని, కూరలో ఉప్పు ఎక్కువైందక్కా అంది.
రుచి చూశాను. ఎక్కువే. ఒప్పుకున్నాను.