ఎర్ర సున్నాలో మా బడి

మే 24, 2006. బుధవారం
ఇవాళ్టి నుంచి నేను లెక్కల లెక్చరర్‌ని కాదు. పిల్లల్ని పట్టుకొచ్చే ఆఫీసర్‌ని. పదో తరగతి రిజల్ట్స్ వచ్చినయంటే చాలు, మా ఖమ్మం జూనియర్ కాలేజీలో మా చేతుల చాక్‌పీసులు గుంజుకొని పాంప్లెట్లు పెడతరు. టార్గెట్ ఇరవై అడ్మిషన్లు. దేశసేవ.

ప్రిన్సిపాల్ రామ్‌చందర్ సార్ ఒక లిస్టు గూడ ఇచ్చిండు. జిల్లాల ఉన్న హైస్కూళ్ళన్నీ ఏ, బి, సి గ్రేడులు. ‘ఏ’ గ్రేడు బడి పిల్లకు ఐదొందల ఇరవై వస్తే హాస్టల్‌తో సహా ఫుల్ ఫ్రీ. బి అయితే ఐదొందల నలభై. సి అయితే ఆరొందలకు ఆరొందలొచ్చినా ఫ్రీ లేదు. సి కింద ఒక్కటే పేరు, చుట్టూ ఎర్ర సున్నా: ఇప్పలవాగు జడ్పీ హైస్కూల్.

నేను చదివిన బడి. సార్‌కు తెల్వదు. బయోడేటాల ఖమ్మం బడి పేరు రాసిన. అంతకుముందు రెండు కాలేజీలు ఇప్పలవాగు అన్న పేరు చూడంగనే మళ్ళ చెప్తమన్నయి. ఇప్పటిదాక చెప్పలే.

మే 25
సి ఎందుకు పడ్డదంటే మా బ్యాచ్ పుణ్యమే. 2000 మార్చి, సోషల్ పరీక్ష. కిటికీలకెల్లి చీటీలు వానోలె పడ్డయి. పేపరాయన ఫోటో తీసిండు. తెల్లారి జిల్లా పేజీల మా బడి. అప్పటిసంది చీటీల బడి అనే పేరు.

నా మీద గూడ ఒక చీటీ పడ్డది. విప్పితే కిరణజన్య సంయోగక్రియ. సోషల్ పరీక్షకు సైన్స్ చీటీ! నేను నిజాయితీపరుణ్ణి ఎట్లయిన్నో చరిత్రకు తెలియాలని రాసి పెడుతున్న.

ఆరేండ్లయింది. అప్పటి టీచర్లు ఒక్కరు లేరు. పరీక్ష సెంటర్ గూడ ఎత్తేసిండ్రు, మా పిల్లలు దమ్మపేట పోయి రాస్తరు. పేరు మాత్రం ఎక్కడికీ పోలే.

మే 27
మా తండాకు పోయిన. ద్వాలికి ఐదొందల యాభై ఒకటి! మా ఇంటి పక్క పిల్ల, ఇప్పలవాగు బడే. వాళ్ళమ్మ బీడీల తునికాకు కట్టలు కడుతున్నది, చేతులు నల్లగైనయి. ఇంకో కాలేజీకి పోయొచ్చిన కథ ద్వాలే చెప్పింది. ముందు కుర్చీ వేసిండ్రట, తర్వాత బడి పేరు అడిగిండ్రట, తర్వాత నీళ్ళిచ్చి పంపిండ్రట. నీళ్ళు మాత్రం సల్లగున్నయి, అన్నా, అన్నది. ఈ పిల్లకు గూడ నా ఎటకారం రోగమే ఉన్నట్టుంది.

ఫ్రీ సీటు రాకుంటే పత్తి గింజలు పెట్టను పోవాలె. కూలి మేస్త్రిని పన్నెండో తారీకు దాక ఆగమన్నదట వాళ్ళమ్మ. ఆ తర్వాత చదువు బందే.

సీటు నేనిప్పిస్త అన్న. ఎవడడిగిండు నన్ను?

మే 30
సార్‌కు చెప్పిన. చీటీల బడిల ఐదొందల యాభై అంటే మన దగ్గర మూడొందల యాభై, లాలూ, అన్నడు. ఆ పిల్లలకు ఎక్కాలు గూడ రావట. నీలాంటోడు ఒక్కడు పుట్టిండా ఆ బడిల, చెప్పు అన్నడు.

నేను నవ్విన.

మే 31
నవ్వకుండ ఉండాల్సింది.

జూన్ 2, పొద్దున 11
చెప్పేసిన. నేనూ ఇప్పలవాగే సార్, అదే బ్యాచ్ అన్న. సార్ టీ తాగుతున్నడు. కప్పుల ఈగ పడితే ఎట్ల చూస్తరో గట్ల చూసిండు నన్ను. ఏడాది పొడుగునా నా క్లాసుల వెనక బెంచీల కూచొని శభాష్ అన్న మనిషి. ఇప్పుడు నీ డిగ్రీ గూడ చూడాల్సిందే అన్నడు.

చివరికి తీర్పు: సోమవారం టెస్ట్. ద్వాలి రాయాలె. నేనూ రాయాలె. పదో తరగతి లెక్కలు, సైన్స్. యాభై మార్కులకు. సార్ స్వయంగ పేపర్ తీస్తడట.

జూన్ 5, సోమవారం
బి.ఎస్సీ. ఫస్ట్ క్లాస్ లాలు గారు పదో తరగతి పరీక్ష రాసిరి.

ఆ మూల ద్వాలి, ఈ మూల నేను. ఇన్విజిలేటర్ మోయిజ్, ఫిజిక్స్ లెక్చరర్, నా రూమ్మేట్. పాపం వానికే సిగ్గయింది. భాయ్, జేబులు జర చూపియ్యి, సార్ ఆర్డర్ అన్నడు. చూపిచ్చిన. దువ్వెన, బస్ టికెట్. ద్వాలి నలభై నిమిషాల్ల రాసి చేతులు కట్టుకొని కూచున్నది. నాకు చెమటలు. మొక్కల భాగాలు ఎవరికి గుర్తుంటయి?

ఆమెకు నలభై ఎనిమిది. నాకు నలభై మూడు.

సార్ ఆమె పేపర్‌ను మూడుసార్లు చూసిండు. తిప్పి చూసిండు. వెలుతురుకు పెట్టి చూసిండు. క్వశ్చన్ పేపర్ ఆమెకు నువ్వే ముందు ఇచ్చినవు అన్నడు నన్ను. నాకే దొరికితే నాకు నలభై మూడెట్ల వస్తయి సార్ అన్న. మోయిజ్ ఆపుకోలేక నవ్విండు.

తర్వాత సార్ సీటిస్త అన్నడు, ఒక్క షరతు మీద. అప్లికేషన్ల బడి పేరు దగ్గర ఖమ్మం బడి రాయాలె. రేపు ర్యాంక్ వస్తే పాంప్లెట్‌ల ఇప్పలవాగు కనపడొద్దట.

జూన్ 8
ఈ విద్యల నేను ఎక్స్‌పర్ట్ కదా. రాయమ్మా, చిన్న ముచ్చట, నేను గూడ గట్లనే రాసిన అన్న. ద్వాలి పెన్ను పట్టుకొని నన్ను చూసింది. మరి ఎవరన్న అడిగినప్పుడల్లా భయం కాలేదా అన్నా అని అడిగింది.

ఆ ప్రశ్న సిలబస్‌ల లేదు.

ఇప్పలవాగు జడ్పీ హైస్కూల్ అని పూర్తిగ రాసింది. ఉన్న గళ్ళు చాలక చివరి అక్షరాలు మార్జిన్‌లకు పోయినయి. సార్ చదివి, సంతకం పెట్టకుండ, టేబుల్ అద్దం కింద పెట్టిండు.

జూన్ 10
అద్దం కిందనే ఉన్నది. మూడుసార్లు వంకలు పెట్టుకొని ఆఫీసుకు పోయిన. చివరికి డస్టర్ అడుక్కొచ్చిన. క్లాసులే మొదలు కాలే, డస్టర్ దేనికని క్లర్క్ అడిగింది.

జూన్ 11
తండా నుంచి ఫోన్. మేస్త్రి వచ్చిండట. రేపు పొద్దున కూలోళ్ళ ట్రాక్టర్.

జూన్ 12, సోమవారం
ద్వాలి ట్రాక్టర్ ఎక్కలే. ఫస్ట్ బస్సెక్కి వచ్చింది. ట్రంకు పెట్టె వరండాల పెట్టి, నా క్లాసుకొచ్చి మూడో బెంచీల కూచున్నది. ఎవరు రమ్మన్నరని నేను అడగలే.

కాలేజీ మొదటి రోజు, హాజరు పట్టీల నలభై పేర్లు. నలభై పిలిచిన. నలభై ఒకటి, ద్వాలి అన్న. ప్రెజెంట్ సార్ అన్నది. పెన్నుతో రాసిన.

తల ఎత్తితే తలుపు దగ్గర రామ్‌చందర్ సార్. అంతా విన్నడు. పోతూ పోతూ వాచ్‌మన్‌ను కేకేసిండు. ఆ పెట్టె దారికి అడ్డమట, తీసి హాస్టల్‌ల పెట్టమన్నడు.