జీపులో బయటి సీటు

బిళిగిరి కొండలు, బుధవారం

వర్షిణీ, నేను బాగానే ఉన్నానమ్మా. ఇక్కడ ఫోన్ అందదు, అందుకే ఈ కార్డు.

ఇవాళే చివరి రోజు అనుకున్నాను. పొద్దున జీపులో అడవిలోకి వెళ్ళాం. మంచు ఎంత దట్టంగా ఉందంటే, చెట్లు ఒక్కొక్కటే దగ్గరికొచ్చి మమ్మల్ని చూసి వెళ్ళిపోతున్నట్టు అనిపించింది. రోజూలాగే లోపలి సీట్లో కూర్చున్నాను. దారి చూపే మాదేగౌడ ఈ కొండల్లో పుట్టిన సోలిగ తెగ మనిషి. మూడు రోజులు ఓపిక పట్టి ఇవాళ అడిగేశాడు. "ఏం స్వామీ, అడవంతా అటు పక్క ఉంటే మీరు నా వీపు చూస్తూ కూర్చున్నారు. ఆ బయటి సీటు ఎవరిది?"

అప్పటిదాకా నాకే తెలియలేదు. ముప్పై ఏళ్ళుగా ఎక్కడికి వెళ్ళినా అటువైపు మీ అమ్మే కూర్చునేది.

"మా ఆవిడది. ఆషాఢంలో పోయింది" అన్నాను.

కాసేపటికి అతను జీపు ఆపించి, మంచులో మేస్తున్న అడవిదున్నల మందను చూపించాడు. ఖాళీ సీటు మీదుగా వంగి చూశాను. సగం మందే కనిపించింది.

అమ్మ బీరువా ఖాళీ చేయనా అని అడిగావు. చెయ్యి. మునిలక్ష్మి అత్తను నచ్చిన చీరలు తీసుకోమను. ఆకుపచ్చ శాలువా మాత్రం ఉంచు. కాడుగోడిలో మన ఇంట్లో మరువం కుండీకి నీళ్ళు పోస్తున్నావా? అల్లుడికి, నీకు నా దీవెనలు.

ఆదివారం వస్తాను, కంగారుపడకు. రేపు పొద్దున మళ్ళీ జీపెక్కి, బయటి సీట్లో కూర్చుంటాను.

నాన్న