నది అవతలి రాజు, పదకొండు గిన్నెలు

ఉక్కునగరం, విశాఖపట్నం
జ్యేష్ఠ బహుళ తదియ, బుధవారం

చి. సౌ. కమలకు,

అక్క ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరంతా క్షేమమని తలుస్తున్నాను. తలచడమే తప్ప తెలుసుకునే దారి నువ్వు ఉంచలేదు. ఫోను చేస్తే ఎత్తవు, ఎత్తినా "బాగానే ఉన్నాం" అనేసి మరిదిగారి చేతికి ఇచ్చేస్తావు. అందుకే ఉత్తరం. ఇవాళే ఎందుకు రాస్తున్నానంటే, ఆషాఢంలో నీ కుడికంటికి శుక్లాల ఆపరేషనని మొన్న మా వసంత చెప్పింది. దానికి మీ కోడలు చెప్పిందట. నా చెల్లెలి కంటి సంగతి నాకు అలా తిరిగి తిరిగి రావలసి వచ్చింది. అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను. మరిదిగారి చేత చదివించుకోకుండా నువ్వే చదువు.

ముందు ఇక్కడి సంగతులు. నేను బాగానే ఉన్నాను, దిగులు పడకు. వసంతకూ అల్లుడికీ ఫ్యాక్టరీలో షిఫ్టులు. ఒకరు వచ్చేసరికి ఇంకొకరు వెళతారు. తణుకులో మాఘం దాకా ఒక్కదాన్నే ఉన్నాను కదా, ఇక్కడ నలుగురం ఉన్నా మధ్యాహ్నాలు అలాగే ఉంటాయి. ఉక్కపోత సంగతి చెప్పలేను. పొద్దున్న ఆరేసిన చీర సాయంత్రానికీ తడిగానే ఉంటుంది. బాల్కనీ గట్టు రోజుకు రెండుసార్లు తుడుస్తాను, ఫ్యాక్టరీ దుమ్ముకు రెండుసార్లూ గుడ్డ ఎర్రగానే వస్తుంది. నీళ్లు పడ్డాయి, తిండి సయిస్తోంది. నేను బాగానే ఉన్నాను.

మనవరాలు మౌనిక స్కూటరు మీద నుంచి పడి కాలికి కట్టు కట్టించుకుంది. రుషికొండలో దాని ఆఫీసు. నెల రోజులుగా ఇంట్లోనే కూర్చుని పని చేస్తోంది, పని కాగానే కంప్యూటరులో ఒక ఆట ఆడుతోంది. దానికో దేశం, చుట్టూ నలుగురు రాజులు. ఆ రాజుల వెనుక మనుషులు ఉండరు, కంప్యూటరే ఆడుతుంది. మన వంతు మనం ఆడి ఊరుకుంటే వాళ్ల వంతు వాళ్లు ఆడతారు. చదరంగంలాగే, కాకపోతే పంటలు, ఊళ్లు, ఒప్పందాలు కూడా ఉంటాయి. అది ఇష్టం వచ్చినట్టు ఆడుతుంటే చూడలేక ఒక దేశం నేనే తీసుకున్నాను. ఒక నోటుపుస్తకం పెట్టి, వంతు వంతుకూ ఏ రాజుకు ఏమిచ్చాను, ఏమి పుచ్చుకున్నాను రాస్తున్నాను. నవ్వకు.

నది అవతల ఎర్ర తలపాగా రాజు ఒకడు. వాడు ఉప్పు పంపేవాడు, నేను గుర్రాలు పంపేదాన్ని. మా పొలిమేరలోనే ఉప్పు దొరికాక, ఒప్పందం గడువు తీరిన వంతులోనే మర్యాదగా ముగించాను. ఒక్క గుర్రం బాకీ లేదు. వాడు నవ్వుతూ తల వంచాడు. పది వంతులు తిరిగాయో లేదో, ఆ నవ్విన మొహంతోనే యుద్ధం ప్రకటించాడు.

నాకు నిజంగా అర్థం కాలేదు కమలా. ముప్పై ఏళ్లు చరిత్ర పాఠం చెప్పినదాన్ని. యుద్ధానికి కారణాలు రాయమంటే పిల్లలు అయిదు రాసేవారు, నాలుగు మార్కులు వేసేదాన్ని. ఇక్కడ ఒక్కటీ కనపడలేదు. పుస్తకం మూడుసార్లు తిరగేశాను.

"మౌనికా, వీడికి నేనేం ద్రోహం చేశాను?"

"ఏటీ చేయలేదమ్మమ్మా."

"మరి కోపమెందుకు?"

"కోపం రాడానికి వాడికి గుండెక్కడుంది? లెక్కేసాడంతే. నీ సైన్యమెంత, నువ్వెంత దగ్గిరున్నావు, నీతో గొడవైతే తనకేటి పోతాది అని ప్రతి వంతుకీ లెక్కేసుకుంటాడు."

"లెక్కయితే నేనూ రాశాను కదా. ఒక్క బాకీ చూపించమను."

అది పగలబడి నవ్వింది. "అదే కదేటి నువ్వు చేసింది! ఉప్పు, గుర్రాలు తిరుగుతున్నన్నాళ్లూ నీ మీదకొస్తే వాడికి నష్టం. నువ్వు మొత్తం తేల్చేసుకున్నావు. ఇంక నువ్వు ఉన్నా లేకపోయినా వాడికొకటే."

తర్వాత ఆ రాజు బొమ్మ మీద నొక్కి చూపించింది. వాడి దగ్గరా ఒక జాబితా ఉంది! నాకు తెలియకుండా నా గురించి రాసుకున్నది. మొదట్లో నేనిచ్చిన కానుకలకు అయిదు అంకె ఉండేదట, అరిగి అరిగి ఒకటైంది. ఇచ్చింది ఇచ్చినట్టు ఉండాలి కానీ అరగడమేమిటి? దాని కింద "సరిహద్దులో సైన్యం లేదు" అని. ఆ కింద "మనతో ఇచ్చిపుచ్చుకోవడాలు లేవు" అని. ఆ మాట నా పుస్తకంలో లేదు. లేనిదాన్ని రాసుకోవాలని నాకెలా తెలుస్తుంది? పైగా ఇవన్నీ కలిపాక చివర్లో కంప్యూటరు ఒక పాచిక కూడా వేస్తుందట. అంటే సగం కారణం, సగం పాచిక. ఇలాంటి జవాబు ఏ పిల్లవాడు రాసినా సున్నా వేసేదాన్ని.

ఇది సోమవారం మాట. నిన్న పొద్దున్న పక్క క్వార్టరు నారాయణమ్మకు ఆవిడ గిన్నె తిరిగి ఇవ్వడానికి వెళ్లాను. ఆవిడది ఈ ప్రాంతమే. అంతకుముందు అందులో నువ్వులపొడి వేసి వండిన ములక్కాడ కూర పంపింది. మౌనిక కట్టు డాక్టరుకు చూపించే హడావిడిలో ఉండి గిన్నె శుభ్రంగా తోమి అలాగే పట్టుకెళ్లాను.

"ఏటి పిన్నిగోరూ, గిన్ని ఉత్తిదే అట్టుకొచ్చేసినారు? మాతోటి పనైపోనాదేటి?" అంది నవ్వుతూ. "ఓ బెల్లం ముక్కేసినా సరిపోయీది కదండీ. ఉత్త గిన్ని సూసి నానేటనుకోవాలి?"

హాస్యానికే అంది. నేను మాత్రం గుమ్మంలో నిలబడిపోయాను.

ఇంటికి వచ్చి తణుకులో అరువులు రాసుకున్న నా పాత పుస్తకం తీశాను. మాఘంలో ఊరు వదిలిన రోజు పేజీ. "కమలవి: ఇడ్లీ పాత్ర ఒకటి, జల్లెడ ఒకటి, కవ్వం ఒకటి, స్టీలు డబ్బాలు మూడు, జాడీలు రెండు, అట్లపెనం ఒకటి, గిన్నెలు రెండు. వెరసి పదకొండు." వెరసి పదకొండు వస్తువులూ చింతపండుతో తోమి, తుడిచి, మీ వరండాలో వరసగా పెట్టాను. వంటిల్లు అప్పటికే ఖాళీ చేశాను, ఇంట్లో చెంచాడు పంచదార లేదు. అన్నీ ఉత్తవే. అవి ఉత్తవని నేను రాసుకోలేదు. పైగా "ముట్టినవి" అని రాసి, నీ చేత కింద సంతకం పెట్టించుకున్నాను. నీ సంతకం ఇప్పుడు చూస్తే వంకరగా ఉంది. అది కంటి వల్లనో, మరి దేని వల్లనో తెలియదు.

పెన్ను తిరిగిస్తూ నువ్వు, "ఇంకేమైనా తేల్చుకోవాలా అక్కా?" అన్నావు. "లేదు, అంతా సరిపోయింది" అన్నాను. నువ్వు గిన్నెల గురించే అడిగావనుకున్నాను.

అదేనా కమలా? లేక కారు వచ్చేసిందని కాఫీ తాగకుండా లేచినందుకా? అట్లపెనానికి సొట్ట ముందే ఉందని మీ కోడలి ఎదుట అన్నందుకా? ఈ నాలుగు నెలల్లో ఒక్కసారీ నేను నిన్ను ఏదీ అడగనందుకా? అడిగితే నీకు శ్రమ అనుకున్నాను. ఎంత కూడినా నా లెక్క తెగడం లేదు. ఆ రాజుకైతే మొహం మీద నొక్కితే జాబితా వస్తుంది. నువ్వు ఫోను మరిదిగారికి ఇచ్చేస్తావు.

మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పు. మరిదిగారి మోకాలు ఎలా ఉందో రాయి. పిల్లలకు దీవెనలు. నీ కన్ను చల్లగా నయం కావాలని రోజూ దీపం పెట్టినప్పుడు అనుకుంటున్నాను. నేను బాగానే ఉన్నాను.

నీ అక్క,
సుభద్ర

సంతకం అయ్యాక రాస్తున్నా, ఇక జరగవలసినవి ఇవి:

1. నా మీద నీ దగ్గరున్న జాబితా మొత్తం రాసి పంపాలి. "ఏమీ లేదు" అని రాస్తే ఒప్పుకోను.

2. జాబితాలో పదకొండు గిన్నెలు ఉంటే, దాని పక్కన "అక్క తప్పు" అని నువ్వే రాయి. నేను సంతకం పెడతాను.

3. ఆపరేషన్ తేదీ నువ్వే ఫోను చేసి చెప్పాలి, మీ కోడలు కాదు. ముందురోజు పొద్దుటి రైలుకు వస్తాను. ఆస్పత్రిలో నీ పక్కన కూర్చునేది నేనే.

4. నేను వచ్చాక ఆ అట్లపెనం నాకు మళ్లీ అరువివ్వాలి. ఇక్కడిదానికి అట్టు అంటుకుంటోంది.

5. దీనితో పాటు పార్శిల్లో నా ఇత్తడి మూతగిన్నె వస్తుంది. అందులో బెల్లం సున్నుండలు ఉన్నాయి. మరిదిగారికి రోజుకు ఒకటి మించి ఇవ్వకు.

6. ఆ గిన్నె తోమి తిరిగి పంపకూడదు, నేను వచ్చినప్పుడు చేతికీ ఇవ్వకూడదు. అది నీ దగ్గరే ఉండాలి. పుస్తకంలో దాన్ని నేను రాయలేదు.