వేదిక మెట్ల దగ్గర చెప్పులు

నాచారం
4 మార్చి 1992

ప్రియమైన తారామణికి,

ముప్పై ఏళ్ల కిందట ఒక మనిషి నాకు మాట ఇచ్చాడు. "నువ్వు కుర్చీలో కూర్చో చాలు. పెదవి విప్పక్కర్లేదు. నీ పుస్తకం గురించి మాట్లాడేది నేను" అన్నాడు. తప్పాడు. ఆ తర్వాత నేను ఇంకో పుస్తకం వెయ్యలేదు. నీ కార్డు చదవగానే ఆ సాయంత్రమే గుర్తొచ్చింది. అందుకే ఉత్తరం దానితో మొదలుపెట్టాను.

నీ కథల పుస్తకం అచ్చయి వచ్చిందనీ, కట్టలన్నీ మంచం కింద ఉన్నాయనీ, సంతోషం బదులు వాటి వైపు చూడకుండా మంచం ఎక్కుతున్నాననీ రాశావు. సభ పెట్టి నువ్వు మాట్లాడకపోతే ఆ పుస్తకాన్ని ఎవరూ ముట్టుకోరని మీ ఉప్పల్ సాహితీ సంఘం అధ్యక్షుడు పట్టాభిరామయ్య అంటున్నాడట. నాకు సభ ఏర్పాటు చేసింది కూడా ఆయనే. ఆ తంతు నాకు కంఠతా వచ్చు. రంగు కాగితం చుట్టిన పుస్తకాన్ని ముఖ్య అతిథి చింపి పైకెత్తి చూపిస్తాడు. లోపల ఏముందో ఆయనకు అంతకుముందు తెలియదు, ఆ తర్వాతా తెలియదు. అధ్యక్షుడు తన యౌవనం గురించి చెబుతాడు. ఆత్మీయ అతిథి అధ్యక్షుడి గురించి చెబుతాడు. ఎంత ఎండాకాలమైనా శాలువా కప్పుతారు. చివరికి రచయితను మాట్లాడమంటారు. అప్పటికి జనం లేచి చెప్పులు వెతుక్కుంటూ ఉంటారు.

మ్యాపుల ఆఫీసులో ఊళ్లకు గీతలు గీస్తూ బతికాను. మిగిలిన పొద్దంతా చదివాను. ఇన్ని పుస్తకాల్లో ఒక్కదాన్ని కూడా, రాసినవాడు బాగా ఉపన్యసించాడని నేను దాచుకోలేదు.

నువ్వు ఉప్పల్‌లో, నేను నాచారంలో. మధ్యలో హబ్సిగూడ ఒక్కటే అడ్డం. రెండేళ్ల నుంచీ, వారపత్రికలో నీ కథ చూసి నేను కార్డు రాసిన నాటి నుంచీ, ఉత్తరాలు నడుస్తూనే ఉన్నాయి. ఒకరి గుమ్మం ఒకరం తొక్కలేదు. దీన్ని లోపమని నేను ఒప్పుకోను. కొందరికి మాట నోట్లో పుడుతుంది. మనకు చేతిలో పుడుతుంది.

కొన్ని కాపీలు పంపు. వాటిని ఏం చేస్తానో ఇప్పుడు అడగకు.

ఎవరికీ జేజేలు కొట్టని నీ శ్రేయోభిలాషి,
ఉమామహేశ్వర్

*

ఉప్పల్
9 మార్చి 1992

ప్రియమైన బాబాయ్ గారికి,

ఈ ఉత్తరంతోపాటు మా ఆయన ఒక కట్ట మీ గేటు లోపల పెట్టి వస్తారు. తలుపు కొట్టొద్దని చెప్పాను. మీకు ఇబ్బందని నాకు తెలుసు కదా.

టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో రోజంతా మాట్లాడుతూనే ఉంటాను బాబాయ్. హెడ్‌ఫోను చెవులకు తగిలించుకుని కూర్చుంటే, విజయవాడ లైనులో ఎవరు ఎంత అరిచినా గొంతు వణకదు. అవతలివాళ్లకు నా మొహం కనపడదు. నలుగురు కళ్లెత్తి చూస్తే మాత్రం నాలుక పిడచ కట్టుకుపోతుంది. అమ్మ నెత్తి కొట్టుకుంటుంది. "మీ నాన్న మైకు పట్టుకుంటే గంట దిగేవారు కాదు. ఆయన కడుపున నువ్వెలా పుట్టావే!" అంటుంది.

మీరు మ్యాపుల ఆఫీసులో పనిచేశారని మొన్నటి ఉత్తరంలోనే మొదటిసారి చదివాను. మా నాన్నా అక్కడే! రామ్మోహనరావు గారని, మీకు తెలిసే ఉంటుంది. పోయి మూడేళ్లవుతోంది. సభల్లో ఆయన మాటకు జనం విరగబడేవాళ్లు. భోజనాల దగ్గర మాకు ఒక కథ చెప్పేవారు. ఒక మూగ రచయిత ఉండేవాడట. తన సభలో మైకు ముందు నిలబడి "నేను... నేను..." అని, ఇక మాట రాక, వేదిక దిగి చెప్పులైనా తొడుక్కోకుండా రోడ్డున పడి పారిపోయాడట. నాన్న ఆ "నేను నేను"ని మేక అరిచినట్టు అరిచి చూపించేవారు. మేము అన్నం పొలమారేలా నవ్వేవాళ్లం. "చూడు తారా, ఆ మూగాయనలా తయారుకాకు" అనేవారు. బడిలో పద్యం చెప్పమన్నప్పుడల్లా నాకు ఆ మేక గొంతే వినపడేది. ఇప్పటికీ వినపడుతుంది.

పుస్తకం ఆయనకే అంకితం ఇచ్చాను. "నాకు మాట నేర్పిన నాన్నకు" అని. నవ్వకండి.

మీ జవాబు కోసం చూస్తూ,
తారామణి

*

నాచారం
17 ఏప్రిల్ 1992

ప్రియమైన తారామణికి,

జవాబు ఆలస్యమైంది. ఒంట్లో బాగాలేదని రాయొచ్చు. కానీ ఒంట్లో బాగానే ఉంది.

పని సంగతి చెబుతాను. ప్రతి కాపీ అట్ట లోపల ఒక చీటీ అతికించాను. "ఇది అమ్మడానికి కాదు. చదవండి, ఇక్కడే వదలండి. నచ్చినా నచ్చకపోయినా లోపలున్న కార్డు మీద ఒక మాట రాయండి. సొంతానికి కాపీ కావాలంటే మీ అడ్రసు కూడా రాయండి." కార్డు మీద నీ చిరునామా ముందే రాసి పెట్టాను. తర్వాత వాటిని మనుషులు వేరే పని లేక కూర్చునే చోట్ల వదిలాను. ఫ్యాక్టరీ క్యాంటీను, రామంతాపూర్‌లో దంతాల డాక్టరు, టైపు ఇన్‌స్టిట్యూటు, మా వీధి మంగలి దుకాణం. ఎవరితోనూ రెండు మాటలకు మించి మాట్లాడలేదు.

దంతాల డాక్టరు దగ్గర దెబ్బతిన్నాను. పుస్తకం పాడైపోతుందని కాంపౌండరు దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాడు. మన గ్రంథాలయాలన్నీ ఇలాగే పుట్టి ఉంటాయి.

మంగలి బిక్షపతి మాత్రం మొన్న నన్ను రోడ్డు మీద పట్టుకుని జగడానికి దిగాడు.

"సార్, మీ బుక్కుతోని నా దుకాణం ఆగమైంది! గడ్డం గీకుడైనంక గూడ కుర్సీలకెల్లి లేస్తలేరు. జర లేవుండ్రి అంటే, ఆగన్నా, గా పిల్ల ఫోను పెట్టేసిందా లేదా సూస్త అంటున్రు."

"మరి తీసేయమంటావా?"

"తీసేసుడేంది? నేను గూడ సగంల ఉన్న."

ఏ సభలోనైనా ఏ అధ్యక్షుడైనా ఇంతకంటే మంచి మాట అన్నాడా? నేనైతే వినలేదు.

ఇక పట్టాభిరామయ్య సభ. పెట్టుకోనీ. కానీ మైకు వేదిక మీదే ఉండాలని ఎవరు రాశారు? దానికి పొడుగాటి వైరు ఉంటుంది. మహిళా మండలి హాలు పక్కన కుట్టుమిషన్ల గది ఉందని ఒకసారి రాశావు. మైకు అక్కడికి లాగమను. తలుపు వేసుకో. ఎక్స్‌ఛేంజిలో కూర్చున్నట్టు కూర్చుని ఒక కథ చదివెయ్యి. ఉపన్యాసం చెయ్యకు. వందన సమర్పణ చెయ్యకు. రచయిత మొహం చూడాలనుకున్నవాళ్లు సినిమాకు పోవచ్చు.

నీ ఉత్తరంలో మిగతా విషయాలకు జవాబు ఇప్పుడు రాయను.

ఉమామహేశ్వర్

*

ఉప్పల్
2 మే 1992

ప్రియమైన బాబాయ్ గారికి,

కార్డులు వస్తున్నాయి! పోస్ట్‌మన్ "ఏందమ్మా, ఏమన్న పోటీ గెలిచిన్రా?" అని అడుగుతున్నాడు. చర్లపల్లి నుంచి కౌసల్యమ్మ అని ఒకావిడ రాయించింది. "నాకు సదువు రాదు. మా కోడలు క్యాంటీనుకెల్లి తెచ్చి సదివింది. రెండో కతల అత్త మంచిది గాదు గని, ఆమె మాట గూడ జర రాయాల్సుండె." నిజమే బాబాయ్. ఆవిడ మాట నేను రాయలేదు. ఇన్నాళ్లలో నా కథ గురించి నాతో ఎవరైనా పోట్లాడటం ఇదే మొదలు. మంచం కింద ఒక వరస ఖాళీ అయింది.

మైకు వైరు సంగతి పట్టాభిరామయ్య గారికి చెప్పాను. కళ్లజోడు తుడుచుకుని "సరేనమ్మా, అలాగే కానీ" అన్నారు. సభ జూన్ ఏడు, ఆదివారం. నాన్న వర్ధంతి కూడా ఆ రోజే. రెండూ కలిపి చేద్దామన్నారు. అమ్మ పొంగిపోయింది.

మీరు రావాలి. మీ కోసం ముందు వరసలో కుర్చీ ఉంచుతాను. ఎవరూ మిమ్మల్ని మాట్లాడమనరు, అది నా పూచీ.

ఒక్కటి అడగాలి. మీకు మాట ఇచ్చి తప్పినది పట్టాభిరామయ్య గారేనా? ఆ సభ పెట్టింది ఆయనేనని రాశారు. ఔనంటే చెప్పండి, ఈ సభే వద్దంటాను. నాన్న గురించి అడిగినా మీరు ఒక్క ముక్క రాయలేదు. ఆయనంటే మీకు పడేది కాదా?

మీ
తారామణి

*

నాచారం
6 మే 1992

ప్రియమైన తారామణికి,

సభ మానొద్దు. నా పాత పగ నీ కొత్త పుస్తకానికి అడ్డం రాకూడదు. అది నా సొంతం, ఎవరికీ పంచను.

వస్తాను. నువ్వు చదివేది చివరి వాక్యం దాకా వింటాను. ఇది నా మాట. నీ ప్రశ్నలు సభ అయ్యాక.

ఉమామహేశ్వర్

*

ఉప్పల్
8 జూన్ 1992

బాబాయ్ గారికి,

"ప్రియమైన" అని రాయబుద్ధి కావడం లేదు.

కుట్టుమిషన్ల గదిలో ఒక్కదాన్నే కూర్చుని చదివాను.  విజయవాడ లైనే అనుకున్నాను. ఎక్కడా తడబడలేదు. అయిపోయాక అవతల చాలాసేపు చప్పుడు లేదు. లైను కట్టయిందేమో అనుకున్నాను. అప్పుడు చప్పట్లు. అమ్మ గదిలోకి వచ్చి నా తల మీద చెయ్యి పెట్టింది. మేక గొంతు వినపడలేదు బాబాయ్, మొదటిసారి.

పరుగున హాల్లోకి వచ్చి చూసింది మీ కుర్చీనే. ఖాళీ. అందరూ వెళ్లాక కూడా ఖాళీ. పట్టాభిరామయ్య గారి మీద పడ్డాను. "ఆనాడు మీరు మాట తప్పారు, అందుకే ఆయన రాలేదు" అనేశాను, నలుగురి ముందే! ఆయన కోప్పడలేదు. "ఆయన్నే అడుగు తల్లీ" అన్నారంతే.

అడుగుతున్నాను. వస్తాననీ వింటాననీ రాసిందీ మీరే. మాట తప్పడం అంటే ఏమిటో తెలిసిన మనిషి మీరూ తప్పారా?

తారామణి

*

నాచారం
11 జూన్ 1992

ప్రియమైన తారామణికి,

నేను మాట తప్పలేదు. కుర్చీలో కూర్చుంటానని ఎక్కడా రాయలేదు. గేటు దాకా వచ్చాను. లోపల, వేదిక మీద, దండ వేసిన ఫోటో కనిపించింది. వెనక్కి తిరిగి, బయట స్తంభానికి కట్టిన లౌడ్‌స్పీకరు కింద ఒక ఆటోకు ఆనుకుని నిలబడ్డాను. చివరి వాక్యం దాకా విన్నాను. నీ కథలో ఆ పిల్ల రిసీవరు పెట్టేయకుండా బల్ల మీద పక్కన పడుకోబెట్టే చోట, ఒక్క క్షణం ఆగి చదివావు. అచ్చులో లేని ఆ ఆగడం బాగుంది. వచ్చే ముద్రణలో అక్కడ పేరా విడగొట్టు.

"ఎవరు సార్ సదువుతున్నది? మొకం కనబడ్తలేదు" అన్నాడు ఆటో అతను. మొహంతో నీకేం పని, విను అన్నాను. ఎవరో వచ్చి సికింద్రాబాద్ వస్తావా అని అడిగితే, "ఆగు భయ్, కత అయిపోనీ" అని కసిరాడు.

ఇప్పుడు నీ ప్రశ్నలు.

పట్టాభిరామయ్య నాకు మాట ఇవ్వలేదు, తప్పలేదు. ఆ సాయంత్రం నేను వేదిక మెట్ల దగ్గర వదిలేసి పోయిన చెప్పులు సైకిలుకు తగిలించుకుని మా ఇంటికి తెచ్చి, గుమ్మంలో పెట్టి, ఒక్క మాట అనకుండా వెళ్లిన మనిషి ఆయన. ఆయనకు క్షమాపణ చెప్పు. నోటితో వద్దులే, కార్డు రాయి.

మీ ఇంట్లో అన్నం పొలమారేలా నవ్విన ఆ మూగ రచయితను నేనే.

నీకు మొదటి కార్డు రాసిన రోజు నువ్వు ఎవరి కూతురివో నాకు తెలియదు. మార్చిలో నీ ఉత్తరంలో తెలిసింది. మేక అరుపు సంగతీ అందులోనే తెలిసింది. నెల పైన జవాబు రాయనిది అందుకే. నీ పుస్తకాల కట్ట మళ్లీ మీ గేటు లోపల పడేసి రావాలని రెండుసార్లు బయల్దేరాను. హబ్సిగూడ దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. పుస్తకం బాగుంది, అదీ చిక్కు.

జరిగింది ఇది. నా కథ తను చదువుతానని, నా బదులు తను మాట్లాడతానని మీ నాన్న ఆఫీసు వరండాలో నా భుజం మీద చెయ్యి వేసి చెప్పాడు. సభలో ముప్పావు గంట తన గురించి మాట్లాడాడు. నా కథ తెరవనే లేదు. జనం నీరసపడుతున్నారని కనిపెట్టి, వాళ్లను నవ్వించడానికి "ఇప్పుడు మన మూగ రచయిత నోరు విప్పుతారు" అని నా చెయ్యి పట్టి మైకు ముందుకు లాగాడు. మిగతాది నువ్వు చిన్నప్పటి నుంచీ విన్నదే. తర్వాత ఆ ఆఫీసులో ఉన్నన్నాళ్లూ ఆయన నడిచే వరండాలో నేను నడవలేదు. చుట్టూ తిరిగి మెట్లెక్కేవాణ్ని. ఆయన గమనించాడో లేదో కూడా తెలియదు. నాకు గుచ్చుకునేది అదే.

పోయినవాళ్ల మీద కోపం ఎందుకని మాత్రం రాయకు. పోవడం ప్రాయశ్చిత్తం కాదు. అందరూ పోతారు. నన్ను ఒక్క సాయంత్రం నవ్వులపాలు చేసి ఊరుకుంటే ఎప్పుడో మర్చిపోయేవాణ్నేమో. ఆ నవ్వును ఇంటికి తెచ్చి, అన్నంలో కలిపి, మాట రాని సొంత కూతురికి తినిపించాడు. నా పుస్తకాలు ఆపిన ఆ నోరే నీ గొంతూ ఆపింది. ఇద్దరి తరఫునా ఈ లెక్క నేనే ఉంచుకుంటాను. నీకు ఆయన తండ్రి. దండ వేసుకో, అంకితం కూడా మార్చకు. అందులో నాకు పని లేదు.

నా పుస్తకం కాపీలు ఇంకా అటక మీదే ఉన్నాయి. నిన్న ఒకటి దులిపి, చీటీ అతికించి, కార్డు పెట్టి, బిక్షపతి దుకాణంలో నీ పుస్తకం పక్కన పెట్టాను. అతను అట్ట తిప్పి చూశాడు. దుకాణంలో నలుగురు గిరాకీలు ఉన్నారు. అందరూ నా వైపే చూస్తున్నారు.

"గిది ఎవరు రాసిన్రు సార్?" అన్నాడు.

"నేను" అన్నాను.

ఒక్కసారే అన్నాను.

నీ గొంతుకు ఎప్పుడూ శ్రోతనై, ఆ మనిషిని మాత్రం బతికినంత కాలం తప్పుపడుతూ ఉండే నీ బాబాయ్ ఉమామహేశ్వర్. ఇన్నేళ్లుగా నా నోటితో పలకని ఆ పేరు ఇప్పుడు నా చేత్తో రాస్తున్నాను: రామ్మోహనరావు.